మందుల సంచి ఒకటి

అందరూ ఆయన్ని తాళాలాయన అనేవారు. రోడ్డు పక్క ఆపిన కార్లను లాక్కొచ్చే లారీని పదేళ్లు నడిపి, నడుం పడిపోయాక అదే కంపెనీ యార్డులో కిటికీ వెనక కూర్చున్నాడు. గేటు తాళాలు మొలకు వేలాడేవి. లాక్కొచ్చినందుకు ఇంత, నిలిపినందుకు ఇంత, గేటు తీసినందుకు ఇంత! ఓనరు నోటికి ఎంతొస్తే అంత ఫీజు, అడిగే నాథుడు లేడు. తిట్లు తినడం మాత్రం తాళాలాయన వంతు.

డబ్బంతా కట్టేదాకా కారులోంచి గుండుసూది కూడా బయటికి రాకూడదని ఓనరు హుకుం. అయినా ఒంటిగంటకు ఓనరు భోజనానికి వెళ్లిన గంటలో తాళాలాయన గుట్టుగా గేటు తీసేవాడు. పుస్తకాలో, కళ్లజోడో, ఎవరివి వాళ్లు పట్టుకుపోయేవారు.

“ఉద్యోగం ఊడగొట్టుకుంటావు,” అని భార్య సతాయించేది.

“ఆ గంట నాదే,” అని నవ్వేవాడు.

ఒకరోజు పదకొండింటికి ఒక తాపీమేస్త్రీ రొప్పుతూ వచ్చాడు.

“అన్నా, మా ఆవిడ మందుల సంచి కార్లో ఉండిపోయింది. ఆయాసం ఎక్కువైంది. కారు ఉంచుకోండి, సంచి ఒక్కటి ఇవ్వన్నా.”

ఓనరు వెనక కుర్చీలోనే ఉన్నాడు. తాళాలాయన చెయ్యి మొల దాకా వెళ్లి ఆగిపోయింది.

“డబ్బు కట్టి తీసుకెళ్లు,” అన్నాడు పైకి. తర్వాత గొంతు తగ్గించి, “ఒంటిగంటకు రా తమ్ముడూ,” అన్నాడు.

ఒంటిగంట నుంచి రెండింటిదాకా గేటు తీసిపెట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీ రాలేదు. ఆవిడ పన్నెండున్నరకే పోయిందని మర్నాడు తెలిసింది.

గొడవ పేపర్లకెక్కింది. విచారణలో తాళాలాయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తనను తాను కూడా వదిలిపెట్టలేదు. అతన్ని తీసేస్తే మళ్లీ రచ్చవుతుందని ఓనరు నోరు మూసుకున్నాడు. ఆరు నెలలకు ప్రభుత్వం ఫీజులు తానే నిర్ణయించి, గేటుకు బోర్డు పెట్టించింది. అందులో మూడో నిబంధన: సొంత సామాను అడిగిన వెంటనే, పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ఇంత చిన్న ముక్క రాయడానికి ఓ ఇల్లాలు పోవాల్సొచ్చింది, ఏం చెప్పమంటారు!

ఆ వారమే మేస్త్రీ వచ్చాడు.

“ఇప్పుడు ఊరికే ఇస్తారటగా?” అన్నాడు.

దుమ్ముకొట్టుకుపోయిన కారులోంచి సంచి తెచ్చుకున్నాడు. కొత్త పద్ధతి ప్రకారం రసీదు రాయాలి. తాళాలాయన రాశాడు: మందుల సంచి ఒకటి, రుసుము లేదు. సంతకానికి కాగితం ముందుకు జరిపాడు.

మేస్త్రీ సంతకం పెట్టి, “ఆరోజు నీ చెయ్యి తాళాల దాకా వెళ్లింది. నేను చూశానన్నా,” అన్నాడు.

ఇన్నేళ్లు ఎన్ని తిట్లు తిన్నా చలించని మనిషి ఆ మాటకి తల ఎత్తలేకపోయాడు.