ముత్తమ్మ తిరస్కరణ పత్రం

2023 ఆగస్టు నాటికి నేను భద్రాచలంలో ఒక దినపత్రికకు విలేకరిగా పని మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లయింది. విలేకరి అనగానే జీతం ఉన్న ఉద్యోగం అనుకుంటారు. మాలాంటి వాళ్లను కంట్రిబ్యూటర్లు అంటారు. అచ్చయిన వార్తను లైన్ల లెక్కన కొలిచి నెలకోసారి డబ్బు పంపుతారు. దాన్ని లైన్ అకౌంట్ అంటారు. దానితో ఇల్లు గడవదు గనక ముందు గదిలో జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాను. ఆఫీసుల పని మీద పల్లెల నుంచి వచ్చే జనం ఆ మిషన్ దగ్గర ఆగుతారు. నా వార్తల్లో సగం అక్కడే దొరికాయి.

ముత్తమ్మ కూడా జిరాక్స్ కోసమే వచ్చింది. ఆధార్ కార్డు ఐదు నకళ్లు తీయమంది. అన్నెందుకని అడిగితే, ఏ ఆఫీసుకు పోయినా ముందు అదే అడుగుతున్నారని, ఇంకా ఎన్ని ఆఫీసులున్నాయో తనకు తెలియదని చెప్పింది.

ఆమెకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. కోయ కుటుంబం. ఊరి పేరు రాయను. పర్ణశాల వైపు పోయే దారిలో, అడవి అంచున ముప్పై ఇళ్ల గుంపు అది. అత్తమామల కాలం నుంచి అక్కడ మూడెకరాల పోడు చేసుకుంటున్నారు. పోడు అంటే అడవి కొట్టి సాగులోకి తెచ్చుకున్న భూమి. అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2008లో, ఆలుమగలిద్దరి పేరు మీద పట్టా కోసం దరఖాస్తు ఇచ్చారు. తర్వాత భర్త చనిపోయాడు. పట్టా రాలేదు. 2023లో చుట్టుపక్కల గుంపుల్లో పట్టాలు పంచినప్పుడు జాబితాలో ఆమె పేరు లేదు. అడిగితే, నీది ఎప్పుడో రిజెక్ట్ అయిందని ఒక్క ముక్కలో చెప్పి పంపారు. ఈలోగా ఫారెస్టు వాళ్లు వచ్చి ఆమె చేను చుట్టూ సున్నం గుర్తులు పెట్టారు. వచ్చే వానాకాలానికి కందకం తవ్వి లోపల మొక్కలు నాటుతామన్నారు.

"రిజెక్ట్ అయితే ఎందుకయిందో రాసుంటది గదక్కా," అంది ముత్తమ్మ. "గది చూస్తే గదా, అది తప్పని నేను చెప్పేది."

నిజానికి చట్టం చెప్పేదీ అదే. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. దాని మీద అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ కాగితం లేకపోతే దేని మీద అప్పీలు చేస్తున్నామో చెప్పడానికే ఉండదు. ముత్తమ్మకు కాగితం కావాలి, అదీ మళ్లీ వానలు పడేలోపు.

వార్త రాసి ఖమ్మం డెస్కుకు పంపాను. డెస్కు అంటే మేం పంపినదాన్ని దిద్ది పేజీలో పెట్టే వాళ్లు. రిజెక్ట్ చేసిన ఉత్తర్వు నకలు పంపితే వేస్తామని, లేకపోతే వార్త ఆపుతామని అన్నారు. అలా ఇద్దరికీ ఒకే కాగితం అవసరమైంది.

ఆగస్టు 11న భద్రాచలంలో పోడు పట్టాల పని చూసే ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇచ్చాను. పత్రిక పేరున్న లెటర్‌హెడ్ మీద రాస్తే బరువుంటుందనుకున్నాను. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆ ఆఫీసులో పీఐఓ రహీం గారు. ఇలాంటి దరఖాస్తులకు జవాబు చెప్పాల్సిన అధికారిని పీఐఓ అంటారు. ఆయన ఖమ్మంలో ఇత్తడి సామాన్ల వ్యాపారం చేసే ఇంటి నుంచి వచ్చి, ఈ ఆఫీసులోనే గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్ అయ్యాడు. పదవీ విరమణకు రెండేళ్లుంది. మనిషి నెమ్మది. పాన్ నమలడం ఆపి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"చట్టం పౌరులకమ్మా, పేపర్లకు కాదు. పేపర్‌కు ఓటుందా? లేదు గదా. మీ పేరు మీద రాసియ్యిండ్రి."

సెప్టెంబరు 4న నా పేరు మీద ఇచ్చాను. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది. ఇరవై తొమ్మిదో రోజు వచ్చింది. అది థర్డ్ పార్టీ సమాచారమట. అంటే అడిగేవాళ్లదీ ఆఫీసుదీ కాక మూడో మనిషి సొంత విషయం, కాబట్టి నాకివ్వడం కుదరదు. ముత్తమ్మకు ఇది చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. నా కాగితం నీకు దొరక్కుండా భద్రంగా దాచిపెట్టారన్నమాట అంది.

అక్టోబరు 9న ముత్తమ్మ పేరు మీదే మూడో దరఖాస్తు ఇచ్చాం. రాత నాది, సంతకం ఆమెది. తెల్ల రేషన్ కార్డు ఉంది గనక ఫీజు అక్కర్లేదు. నవంబరులో జవాబు వచ్చింది. సదరు దస్త్రం ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు, జిల్లాల విభజనకు ముందుది గనక ఖమ్మంలో విచారించవలెను. ఖమ్మంలో అడిగాం. జనవరిలో అక్కడి నుంచి జవాబు. ఆ ప్రాంతపు దస్త్రాలన్నీ విభజనప్పుడే కొత్త జిల్లాకు అప్పగించడమైనది, అక్కడ విచారించవలెను. రెండు జవాబుల్లోనూ అబద్ధం ఉన్నట్టు నాకనిపించలేదు. ఎవరి అలమరలో వాళ్లు చూసి, లేదని రాశారు.

ఆ నెలలన్నీ ముత్తమ్మ సంతకు వచ్చిన ప్రతిసారీ నా దగ్గర ఆగేది. మన కాగితం ఎందాక వచ్చిందని అడిగేది, అది ఎక్కడో బయల్దేరి దారిలో నడుస్తున్నట్టు. వచ్చినప్పుడల్లా దోసకాయో, గుప్పెడు చిక్కుళ్లో మిషన్ పక్కన పెట్టేది. వద్దంటే ఊరుకునేది కాదు.

ఫస్ట్ అప్పీలుకు వెళ్లాం. పీఐఓ జవాబు సరిపోకపోతే అదే ఆఫీసులో పై అధికారి దగ్గర చేసుకునే ఫిర్యాదు అది. 2024 ఫిబ్రవరిలో విచారణకు పిలిచారు. అధికారి చిన్న వయసు అమ్మాయి, ఆ సీటుకు కొత్త. నేను తారీఖుల వారీగా రాసుకెళ్లిన నాలుగు పేజీలు ఓపికగా చదివింది. 2008 గ్రామసభ ఏ తేదీన జరిగిందో, దరఖాస్తు ఏ నెలలో ఇచ్చారో అన్నీ అందులో ఉన్నాయి. చదవడం అయ్యాక కాగితాలు పక్కన పెట్టి ముత్తమ్మ వైపు తిరిగి, దరఖాస్తు ఎక్కడ ఇచ్చారమ్మా అని అడిగింది.

ఎప్పుడిచ్చారని నేను పది సార్లు అడిగాను. ఎక్కడ అని ఒక్కసారీ అడగలేదు.

ముత్తమ్మ ఒక పెద్ద ఊరి పేరు చెప్పింది. అప్పట్లో తమ గుంపు ఆ ఊరి పంచాయతీలోనే ఉండేదని, గ్రామసభ కూడా అక్కడే పెట్టారని చెప్పింది. పర్ణశాల బస్సు ఎక్కినవాళ్లకు తెలుసు, భద్రాచలం దాటగానే అది కొంతదూరం ఆంధ్రలో నడిచి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. రాష్ట్రాలు విడిపోయినప్పుడు పోలవరం ముంపు కింద కొన్ని మండలాలు అటు కలిశాయి. ఆ పెద్ద ఊరు అటు పోయింది. ముత్తమ్మ గుంపు ఇటు మిగిలింది. పంచాయతీ దస్త్రాల కట్టలు ఊరితో పాటే పోయాయి.

"ఊరు ఆంధ్రల కలిసిందని చెప్పిండ్రు," అంది ముత్తమ్మ. "నా కాగితం గూడ కలిసిందని ఎవరు చెప్పలే."

అడిగిన సమాచారం వేరే ఆఫీసులో ఉంటే ఐదు రోజుల్లో దరఖాస్తును అక్కడికి పంపాలని చట్టంలో ఉంది. మీరే పంపండని రహీం గారిని అడిగాను. తన ఉత్తరం ముందు హైదరాబాద్ పోతుందని, అక్కడి నుంచి అమరావతి పోతుందని, అది తిరిగొచ్చేసరికి ముత్తమ్మ చేనులో మొక్కలు మానులవుతాయని చెప్పాడు. విచారణ అయ్యాక మాత్రం వరండాలోకి వచ్చి ఫోన్ తీశాడు. అవతలి ఆఫీసులో సుబ్బారావు గారని ఆయన పాత సహోద్యోగి ఉన్నాడు. ఒకే గదిలో పదేళ్లు పనిచేసి, విభజనలో అటు వెళ్లిపోయిన మనిషి. ఇంటి విషయాలన్నీ మాట్లాడుకున్నాక చివర్లో మా సంగతి చెప్పాడు.

ముత్తమ్మ, నేను ఆటోలో చెక్‌పోస్టు దాటి వెళ్లాం. తెలంగాణ తెల్ల కార్డు అక్కడ చెల్లదు. ఫీజు కట్టాలి. ఇక్కడి కోర్టు ఫీజు స్టాంపూ అక్కడ చెల్లదు. పోస్టాఫీసుకు వెళ్లి పది రూపాయల పోస్టల్ ఆర్డరు తెచ్చాం. సుబ్బారావు గారు దరఖాస్తు తీసుకున్నాడు గానీ, పాత కట్టలు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయని, పైగా ఎన్నికల పని నెత్తి మీద ఉందని చెప్పాడు.

"విప్పి వెతకడానికి నాకు మనుషుల్లేరండీ. ఇన్‌స్పెక్షన్‌కి రాసివ్వండి. ఎన్నికలయ్యాక మీరే వచ్చి చూసుకుందురుగాని."

ఇన్‌స్పెక్షన్ అంటే దస్త్రాలు ఉన్నచోటికే వెళ్లి స్వయంగా చూసుకోవడం. చట్టంలో ఆ హక్కు ఉంది. నకలుకన్నా అదే మేలని ఆ రోజే తెలిసింది, ఎందుకంటే ఉందో లేదో ఇంకొకరు చూసి చెప్పే పని లేకుండా మనమే చూసుకోవచ్చు.

మే చివరి వారంలో రెండు రోజులు వెళ్లాం. రేకుల గది, ఎండ మండిపోతోంది. కట్టలు గోడ వెంబడి నడుం ఎత్తున ఉన్నాయి. సుబ్బారావు గారు కూడా చొక్కా చేతులు మడిచి మాతో కూర్చున్నాడు. నేను పేర్లు చదువుతూ పోతున్నాను. ముత్తమ్మ ఫొటోలు చూస్తోంది. రెండో రోజు మధ్యాహ్నం ఆమె చెయ్యి ఒక కాగితం మీద ఆగింది. దరఖాస్తుకు అతికించిన జంట ఫొటో. భర్త, పక్కన తను.

"ఏంది, గింత సన్నగుంటినా నేను," అంది. కాసేపటికి, "ఈయన గిట్లనే. ఫొటో అంటే బిగుసుకపోతడు," అంది. ఆయనది ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదని తర్వాత చెప్పింది.

ఫైలు నేను ముందు నుంచి చివరిదాకా చదివాను. గ్రామసభ తీర్మానం ఉంది, ఆమెకు అనుకూలంగా. మూడెకరాల సర్వే పటం ఉంది. పట్టా సంగతి తేల్చే జిల్లా కమిటీకి కింది కమిటీ రాసిన సిఫారసు ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. వెనక నుంచి మళ్లీ చూశాను. సుబ్బారావు గారు తీసుకుని ఆయనా చూశాడు.

"రిజెక్ట్ చేసిన కాగితం లేదండీ. అసలు దీని మీద ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు."

పది నెలలు మేం వెతికిన ఉత్తర్వు లేనే లేదు. మరి రిజెక్ట్ అన్న మాట ఎలా పుట్టిందని తర్వాత రహీం గారిని అడిగాను. కొత్త జాబితా చేసేటప్పుడు కంప్యూటర్‌లో రెండే గడులున్నాయట, ఇచ్చినవి, తిరస్కరించినవి. ఫైలు దొరకనివి ఎక్కించడానికి మూడో గడి లేదు. ఆ మాట ఆయన తల వంచుకుని చెప్పాడు. ముత్తమ్మ పేరును తిరస్కరించినవాటి గడిలో ఎక్కించింది ఆయన కాదు. అయినా తల వంచుకున్నాడు.

నిర్ణయం కాని దరఖాస్తుదారును భూమి నుంచి కదిలించకూడదని అటవీ హక్కుల చట్టంలో ఉంది. సుబ్బారావు గారు ప్రతి పేజీ మీద నిజ ప్రతి అని ముద్ర వేసి, సంతకం చేసి ఇచ్చాడు. ఫొటో ఉన్న పేజీకి రెండు నకళ్లు తీశాడు.

జూన్ రెండో వారంలో తొలకరి పడింది. మర్నాడే జేసీబీ వచ్చిందని ముత్తమ్మ కొడుకు ఫోన్ చేశాడు. మేం వెళ్లేసరికి కందకం పక్క చేను దాటి ఆమె గట్టు దాకా వచ్చింది. అక్కడున్న ఫారెస్టు అధికారి యువకుడు. మర్యాదగానే కాగితాలు తీసుకున్నాడు, పూర్తిగా చదివాడు. చదివాక, ఇది ఆంధ్ర ముద్ర గదమ్మా, మాకెట్ల చెల్లుతుందన్నాడు. నా దగ్గర సెక్షన్ల నంబర్లున్నాయి, చెప్పబోయాను. ముత్తమ్మ ముందే మాట్లాడింది.

"ముద్ర ఆంధ్రదైతే ఏంది సారూ. భూమి ఈడ్నే ఉన్నది గదా. అదేడికీ పోలే."

అతను ఆమె వైపు, చేను వైపు చూశాడు. డ్రైవర్‌ను బండి ఆపమన్నాడు. కాగితాలకు ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, పైవాళ్లను అడిగి చెబుతానని వెళ్లిపోయాడు. బండి మళ్లీ ఆ గట్టు వైపు రాలేదు. ఆ వానకే ముత్తమ్మ పత్తి గింజలు పెట్టింది.

వార్త జిల్లా పేజీలో మూడు కాలాల్లో వచ్చింది. నా లైన్ అకౌంట్ సంగతి వదిలేయండి. ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది వేరు. ఆఫీసులో ఒకరు నోటిమాటగా రిజెక్ట్ అన్నారు. దాని కాగితం ఇవ్వలేదని పది నెలలు కొట్లాడాను గానీ, ఆ మాట నిజమా అని ఒక్కరోజూ అనుమానించలేదు. ప్రభుత్వం ఏదో దాచిందని నమ్మడం మా వృత్తిలో తేలిక. దాచడానికి అసలేమీ లేదని, ఎవరూ ఏమీ నిర్ణయించకుండానే ఒక మనిషికి లేదని చెప్పేయొచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చి ఫలానాది రద్దయిందన్నా, ఆగిందన్నా, నకలు అడగను. రద్దు చేసింది ఎవరు, ఏ ఆఫీసులో కూర్చుని చేశారు అని మొదట అడుగుతాను.

ముత్తమ్మకు పట్టా ఇంకా రాలేదు. ఫైలు ఇటువైపు వచ్చింది, నిర్ణయం కావాలి. మొన్న సంత రోజు వచ్చి ఒక కాగితం మిషన్ మీద పెట్టి రెండు నకళ్లు తీయమంది. తన ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో తెలపమని అడిగే దరఖాస్తు అది. కొడుకు చేత రాయించింది. నన్ను దిద్దమని అడగలేదు. దిద్దాల్సింది కూడా ఏమీ లేదు.