ఎర్ర బాణం గీసిన మామ

మా ఊరి కాలువ మీది పాత తూము పెరికేసి కొత్తది పెడతాండారని నాకు మొదట చెప్పింది మా మనవరాలు. కాలువల్లో నీళ్ళు ఎట్లా పారతాయో కంప్యూటరులో ముందే నడిపి చూపించే పని దానిది. "అవ్వా, మేం చేసినదాంట్లో నడిపి చూసే లస్కర్లు తలుపు మూయబోయి తెరిచేస్తాండారు. తప్పు వాళ్ళదే అంటాడు మా పెద్దసారు," అని నొచ్చుకునింది. ఆ మాటకు నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

పంతొమ్మిది వందల యాభైలలో మా నాయన ఆ కాలువకు ఓవర్సీరు. కొత్త తూము నడపబోయే లస్కరుకు పని నేర్పాలని, ఆ ఎండాకాలం మా పెరట్లోనే ఒక చిన్న కాలువ కట్టినాడు. బంకమన్ను గట్లు, రేకు తలుపులు, వాటిని ఎత్తి దించను చెక్క మరలు. "తాగే బిందెకు నీళ్ళు లేవు గానీ పెరట్లో కాలువ పారతాండాది," అని అమ్మ దెప్పేది. ఆ లస్కరు మా పక్కింటి సాయిబు, మాకు మామ వరస. నాయన "మూయప్పా" అంటే మామ మరను కుడికి తిప్పేవాడు, తలుపు దిగేది. రోజూ అదే పని. కడకు కళ్ళు మూసుకుని కూడా తిప్పుతుంటే, "చేతికి వచ్చేసిందిలే," అని నాయన మురిసిపోయినాడు.

అసలు తూముకు బిగించిన ఇనప చక్రం మాత్రం ఎడమకు తిప్పితేనే మూసుకునేది. ఆ సంగతి మామకు నోటిమాటగా చెప్పినారు, ఆయనా తల ఊపినాడు. వానాకాలంలో వాగు పొంగి కాలువలో పడిన పొద్దు, గట్టు మీద నుంచి నాయన "మూయప్పా" అని కేక పెడితే, మామ చెయ్యి నేర్చిన దిక్కుకే పోయింది. తలుపు లేచింది. నీళ్ళు ఇంకా వస్తాండాయని ఇంకా గట్టిగా తిప్పినాడు. కింది చేలల్లో అప్పుడే మొలిచిన శెనక్కాయ పైరంతా కొట్టుకుపోయింది. మనుషులకేమీ కాలేదు. శ్రీశైలం మల్లన్న చేసిన ఆ మేలును ఈనాటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

విచారణకు వచ్చిన అధికారితో నాయన, "అయ్యా, తప్పు ఆ చేతిది కాదు. దానికట్లా నేర్పింది నేను," అన్నాడు. "బొమ్మకూ దీనికీ తేడా తెలియనివాడికి కాలువ ఎట్లా అప్పగించేది?" అని ఆయన నవ్వి, మామను పనిలోంచి తీసేసినాడు. ఆ సాయంత్రం నాయన పెరట్లో మరలన్నీ ఊడబెరుకుతా కూర్చున్నాడు. మామే వచ్చి పక్కన చతికిలబడి, "పోనీలే సారూ. మీకాడ ఎర్ర రంగు ఉండాదా?" అని అడిగినాడు. తన జాగాలోకి కొత్త మనిషి రాకముందే పోయి, చక్రం మీద మూసే దిక్కుకు బాణం గీసి, పక్కనే దించిన తలుపు బొమ్మ వేసి వచ్చినాడు. మళ్ళీ ఆ గట్టు ఎక్కలేదు. సంతల్లో గాజులమ్ముకుని బతికినాడు.

మనవరాలు తెచ్చిన ఫోటోలో ఆ బాణం ఇంకా ఎర్రగానే ఉండాది. తర్వాత వచ్చిన లస్కర్లంతా దాని మీదే రంగు పూస్తూ వచ్చినారంట. కంప్యూటరులో తానూ అట్లాంటిదే పెడతానంటాండాది. కాలం మా మామ పేరు తుడిచేసి, ఆయన గీత ఒక్కటే మిగిల్చింది. ఎక్కడైనా అట్లాంటి గుర్తు మీ చేతికి దిక్కు చూపితే, ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి.