నేను తోస్తేనే కదిలే కుర్చీ

తార్నాకలో మా వీధివాళ్లంతా నన్ను మంచి భర్త అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ గుండె మీద ఎవరో బండ పెట్టినట్టుంటుంది. ఏళ్ల తరబడి మోస్తున్నాను. కన్నవాళ్లకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నా భార్య యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండగా వెన్నులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, కాళ్లు పడిపోయాయి. ఆస్పత్రిలో ఆమెకు అన్నీ నేనే. నీళ్లు తాగించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, జడ వేయడం. చూసినవాళ్లు మెచ్చుకునేవారు. నిజం చెప్పొద్దూ, ఆ మెప్పు నాకు రుచించింది.

ఇంటికి పంపే ముందు ఒకరోజు ఆమెను పెద్ద చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. చక్రాల పక్కనున్న రింగులు పట్టుకుని తనే తిప్పుకోవాలి. మొదట గోడకు తగిలింది. తర్వాత ఒడుపు దొరికింది. వరండా పొడుగునా వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఇవతల నీళ్లసీసా పట్టుకుని నిలబడ్డాను. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. ఇక నాతో ఈమెకేం పని అనిపించింది. అంత కష్టంలో ఉన్న మనిషిని చూసి ఎవరైనా కుళ్లుకుంటారా? నేను కుళ్లుకున్నాను.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆమె భుజాలు గట్టిగా ఉన్నాయి, తను తిప్పుకునే కుర్చీయే కొనండి అన్నాడు. తలూపాను.

కాచిగూడలో దుకాణానికి ఇద్దరం వెళ్లాం. రెండు రకాలు చూపించారు. ఒకటి ఆస్పత్రిలో ఆమె తిప్పినదానిలాంటిది. రెండోదానికి నాలుగూ చిన్న చక్రాలే, కూర్చున్నవాళ్ల చేతికి అందవు. వెనక ఒకరుండి తోయాలి. ఆమె చెయ్యి పెద్ద చక్రం మీదే ఉంది.

“గిదే తీసుకుందాం. డిపార్ట్‌మెంట్‌కు నేనే పోయొస్త. గాడ ర్యాంప్ కూడా ఉన్నది.”

“వద్దు. నీ భుజాలు ఆగయట. డాక్టర్ చెప్పిండు.”

“నాకు చెప్పలే గదా. ఎప్పుడు చెప్పిండు?”

“నువ్వు లోపల ఎక్సర్‌సైజ్ చేస్తున్నప్పుడు. ఎక్కువ తిప్పితే చేతులు కూడా పోతయట.”

ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. కాళ్లు పోయిన మనిషికి చేతులూ పోతాయని చెప్పాను నేను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది.

“సరే తీ. నువ్వున్నవ్ గదా,” అంది.

చిన్నదైతే మడిచి ఆటోలో పెట్టుకోవచ్చని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పెద్దది కూడా మడతపడేదే.

సాయంత్రాలు యూనివర్సిటీ రోడ్ల మీద ఆమెను తిప్పేవాణ్ని. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆగి పలకరించేవారు. ఒక పెద్దాయన నన్ను తన కొడుక్కి చూపించి, మనిషంటే ఇట్లుండాలె అన్నాడు. డిపార్ట్‌మెంట్‌కు మాత్రం నాకు వీలు చిక్కినప్పుడే. మొదట్లో వారానికోసారి, తర్వాత ఎప్పుడో ఒకసారి, ఆ తర్వాత ఆమే అడగడం మానేసింది. పీహెచ్‌డీ అక్కడితో ఆగిపోయింది.

ఒకసారి లైబ్రరీ ముందు ఆమెను ఆపి, ఫోను వస్తే పక్కకు వెళ్లాను. మాటల్లో పడి మరిచిపోయాను. వచ్చి చూస్తే ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. కళ్లు మూసుకుని కూర్చుంది. జానెడు దూరంలో నీడ ఉంది. ఆరోజైనా వెళ్లి పెద్ద చక్రాల కుర్చీ కొని ఉండొచ్చు కదా? అప్పుడు నా అబద్ధం బయటపడేది. నా పరువు కోసం ఆమెను అలాగే ఉంచాను.

ఈమధ్య కొత్తగా ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికి వస్తోంది. మొన్న పెద్ద చక్రాల కుర్చీ ఒకటి తెచ్చి, కింద పార్కింగ్‌లో ఆమెను కూర్చోబెట్టి తిప్పమంది. ఆమె రింగులు పట్టుకుంది. కుర్చీ కొంచెం కదిలి ఆగింది. మళ్లీ ప్రయత్నించింది. భుజం పట్టుకుని మూలిగింది. ఇన్నేళ్లు పని లేని చేతులు, ఏం చేస్తాయి?

“డాక్టర్ అప్పుడే చెప్పిండమ్మా, నా భుజాలు ఆగయని. ఈయన చూసి చూసి మంచి కుర్చీ కొన్నడు,” అని ఆ అమ్మాయికి చెప్పి, నావైపు చూసి నవ్వింది.

ఆరోజు నేనాడిన అబద్ధం ఇప్పుడు నిజమై కూర్చుంది. నిజం చేసింది నేనే.

ఇది రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. ఆమెకు చెప్పాలి. చెబుతానా? చెబితే ఇక కుర్చీ మీద నా చెయ్యి వేయనిస్తుందా? చూశారా, ఇప్పటికీ నా భయం అదే.

లోపలి నుంచి పిలుస్తోంది, కిటికీ దగ్గరికి జరపమని. వెళ్తున్నాను.