మస్తాన్ మాస్టారి ఇంగ్లీషు పాట

మొన్న గుడివాడలో జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే, టైలరమ్మ ఫోన్లో ఒక పాత రాక్ అండ్ రోల్ పాట మోగింది. గరగరలాడే గిటారు, దాన్ని తరుముకొచ్చే డ్రమ్ములు, గొంతు చించుకునే గాయకుడు. "కదలకండి మేడమ్, కొలత తప్పుతోంది" అని ఆవిడ రెండుసార్లు విసుక్కుంది. నా భుజాలు వింటేగా! ఆ పాటను నాకు పరిచయం చేసినవారు మచిలీపట్నం బ్యాండు మాస్టారు మస్తాన్ గారు.

ఆయన పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయించేవారు. డిగ్రీ పూర్తిచేసి, చర్చిలో కీబోర్డు వాయిస్తూ, సంగీతమంతా వచ్చేసిందనుకుంటున్న రోజుల్లో నేను ఆయన బ్యాండులో చేరాను. మొదటి రోజే ఒక రికార్డు పెట్టారు. దాని మీది కాగితం చిరిగిపోయి పాట పేరు కూడా తెలియదు. అది అయిపోగానే, "వేగమెంత? శ్రుతేంటి? పాట మూడ్ ఏంటి?" అని అడిగారు. నిమిషానికి నూట డెబ్బై దెబ్బలని గడియారం చూసి మరీ చెప్పాను. శ్రుతి దగ్గర చిక్కుపడ్డాను. హార్మోనియం మెట్లు, మేం కట్టెలంటాం, ఒక్కొక్కటే నొక్కి వెతికితే అది మూడో కట్టెకీ నాలుగో కట్టెకీ మధ్య ఎక్కడో పలుకుతోంది.

"అక్కడ కట్టే లేదండీ మాస్టారూ!"

"అందుకేనమ్మా, పాపం, నిలబడ్డానికి చోటు లేక అలా అరుస్తున్నాడు" అన్నారు. నవ్వడం అయ్యాక అసలు సంగతి చెప్పారు. ప్లేయరు మోటారు వేగంగా తిరుగుతోందట. దాంతో పాట పరుగూ పెరిగింది, శ్రుతీ పెరిగింది. "మూడ్ మాత్రం సంతోషమే కదండీ" అన్నాను పంతంగా. "సంతోషంగా ఉన్నవాడికి అంత తొందరేంటమ్మా?" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది.

ఆ నెలలోనే మోపిదేవిలో పెళ్లి. మగపెళ్లివారు ఇంగ్లీషు పాట కావాలంటే ఆ రికార్డు పాటే ఎంచుకున్నాం. "వేగం బాగా తగ్గించి పెట్టు రూతూ" అని మాస్టారు చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు. కీబోర్డు రిథమ్ నూట డెబ్బైకి పెట్టి మీట నొక్కేశాను. డ్రమ్ములవాళ్లు దాన్ని అందుకున్నారు, జనం డ్రమ్ముల్ని అందుకున్నారు. పెళ్లికొడుకు మేనత్త గారికి మోకాళ్ల నొప్పులు. సగం దూరంలో ఆవిణ్ణి జనరేటరు బండి ఎక్కించాల్సి వచ్చింది. గంటసేపు సాగవలసిన ఊరేగింపు ఇరవై నిమిషాల్లో మండపం ముందు వాలింది. లోపలినుంచి పెళ్లికూతురి తండ్రి ఒక చెంప మీద గడ్డం నురగతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది! అమ్మాయికింకా జడే వెయ్యలేదు. ఎవరు తోలుకొచ్చారండీ మిమ్మల్ని?"

అందరూ మా వైపు తిరిగారు. మాస్టారు క్లారినెట్ దించి ముందుకొచ్చారు.

"తప్పు నాదేనండీ. పాట వేగంగా ఎత్తుకున్నాను. ఊరు ఇంకో చుట్టు తిప్పి తీసుకొస్తాను, తమరు నెమ్మదిగా గడ్డం కానివ్వండి."

పెళ్లికొడుకుతో సహా అందరం వెనక్కి తిరిగాం. మాస్టారు జనరేటరు బండి మీది మేనత్త గారిని దింపించి, నా చెవి దగ్గర, "ఆవిడ కాళ్లు చూసి వాయించమ్మా" అన్నారు. రిథమ్ ఆపేసి, ఆవిడ అడుగుకో దెబ్బ చొప్పున మొదలుపెట్టాను. మాస్టారు అదే పాటను మూడో కట్టెకి దించి అందుకున్నారు. అరుపనుకున్నది పిలుపులా వినిపించింది, ఎవరో గుమ్మంలో నిలబడి ఇంటికి రమ్మని బతిమాలుతున్నట్టు. నాకు కళ్లు చెమర్చాయి. మేనత్త గారు మాత్రం వీధి మలుపులో చీరకొంగు బిగించి రెండు స్టెప్పులు వేశారు.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. కిందటి ఆదివారం మా చర్చిలో, కానుక వేయడానికి ఒక పెద్దావిడ చేతికర్రతో బయలుదేరింది. నేను కీర్తన వేగం తగ్గించాను. "ఆంటీ, స్లో అయిపోతోంది" అని గిటారబ్బాయి గొణిగాడు. ఆవిడ కానుక వేసి, తిరిగొచ్చి, బల్ల మీద కూర్చునేదాకా అలాగే వాయించాను.