బావ వాలెట్ మీద అక్క చెప్పిన సాక్ష్యం

ఇరవై రెండేళ్లు నిండని ఆ వయసులో, రుజువు లేని మాట ఈ భూమ్మీద ఒక్కటి కూడా మిగలకూడదన్న పట్టుదల నాకు నిండుగా ఉండేది. ఖమ్మంలో మా హేతువాద చర్చావేదికకు ఒక నియమం ఉంది: మాట అన్నవాళ్లే రుజువు తేవాలి, ఒకరితో ఒకరికి సంబంధంలేని రెండు చోట్ల అది నిలబడాలి. వేదిక దిగాక కూడా నేను ఆ నియమాన్ని వదిలేదాన్ని కాదు. కూరలో ఉప్పు సరిపోయిందంటే సాక్షులెవరని అడిగేదాన్ని. (చర్చికి రాని చెల్లెలి కోసం అక్క ఎన్ని ప్రార్థనలు చేసిందో గాని, ఆ చెల్లెలి నోరు మూతపడాలని అంతకు రెట్టింపు చేసి ఉంటుంది.)

అప్పుడు నేను జూలూరుపాడులో అక్క ఇంట్లో ఉన్నాను. మా బావ ఒక విదేశీ కంపెనీ తయారుచేసే వీడియో ఆటకు బొమ్మలు గీసేవాడు. కొన్ని నెలల జీతం వాళ్లు ఏదో కొత్త క్రిప్టో నాణెంలో పంపారు. అది బావ ఫోన్‌లో అలాంటి నాణేలు దాచుకునే వాలెట్ యాప్‌లో కనిపించాలంటే ఆ నాణెం నడిచే నెట్‌వర్క్‌ను మనమే చేర్చుకోవాలి: దాని పేరు, గుర్తింపు సంఖ్య, వాలెట్ వెళ్లి లెక్క అడగాల్సిన సర్వర్ చిరునామా. అందరినీ బ్రదర్ అని పిలిచే ఒక ఆన్‌లైన్ గ్రూపు అడ్మిన్ ఆ వివరాలు పంపాడు, బావ నింపేశాడు. వివరాలు సరిపోలడం లేదని వాలెట్ హెచ్చరిస్తే, యాప్‌లు ఊరికే భయపెడతాయని నొక్కి దాటేశాడు. తెరమీద కంపెనీ ఇస్తానన్న దానికి ఎన్నో రెట్లు కనిపించింది. అక్క వెంటనే పాస్టరుగారికి ఫోన్ చేసి, దేవుడు చేసిన మేలు గురించి ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతానని మాటిచ్చేసింది. అంతలో ఆ డబ్బు విడుదల కావాలంటే వాలెట్ తాలూకు పన్నెండు రహస్యపు మాటలు పంపమని అడ్మిన్ అడిగాడు. బావ ఆ మాటలు రాసిపెట్టుకున్న కాగితం కోసం బీరువా తెరిచాడు.

నేను బీరువాకు అడ్డంగా నిలబడి, అక్కడికక్కడే చర్చ ప్రకటించాను. అక్క అధ్యక్షురాలు, ఎవరైనా అతిగా మాట్లాడితే గరిటెతో పళ్లెం మోగించాలి. ఆ పన్నెండు మాటలు మొత్తం వాలెట్‌కు తాళంచెవి అనీ, నెట్‌వర్క్ చేర్చడానికి వాటి అవసరం ఎవరికీ ఉండదనీ అన్నాను. సర్వర్ ఒక కిటికీ, ఆ కిటికీ మోసగాడిదైతే బయట వాడు ఏ బొమ్మ వేలాడదీస్తే అదే మనకు లోకం అనీ అన్నాను. పళ్లెం మోగుతూనే ఉంది, నేను అంటూనే ఉన్నాను.

బావ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "అవ్ మరదలా, వాడు చెప్తే నమ్మొద్దంటివి. మరి నువ్వు చెప్తే ఎందుకు నమ్మాలె? నీ రుజువేంది?"

నా నియమంతో నన్నే కొట్టాడు. ఒళ్లు మండింది. అక్క గరిటె నా వైపు చూపింది. "జవాబు చెప్పు చెల్లె. ఇంతసేపు నువ్వే మాట్లాడినవ్."

నమ్మొద్దు, నువ్వే చూడమన్నాను. బావ గ్రూపు లింకు ముట్టుకోకుండా, ఆ నెట్‌వర్క్ నడిపేవాళ్ల సొంత సైటు చిరునామాను తన చేత్తో టైపు చేసి తెరిచాడు. నెట్‌వర్క్‌ల వివరాలన్నీ ఉంచే ఒక బహిరంగ పట్టిక కూడా చూశాడు. రెండు చోట్లా ఒకే సర్వర్ ఉంది. అడ్మిన్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య సరైనదే, సర్వర్ మాత్రం ఆ రెండింటిలో ఎక్కడా లేదు. బావ అడ్మిన్ చెప్పినట్టు చేర్చిన నెట్‌వర్క్ తీసేసి, అసలు వివరాలతో మళ్లీ చేర్చాడు. (ఫోన్ నా చేతికివ్వలేదు. అదీ నియమమేనట.) ఈసారి తెరమీద కంపెనీ ఇస్తానన్నదే కనిపించింది. అందులోంచి కొంచెం వేరే ఖాతాకు పంపి చూస్తే సరిగ్గా చేరింది.

అక్క ముఖం వాడిపోయింది. బావ మాత్రం ఆ చిన్న అంకె మీద వేలు పెట్టి అన్నాడు: "తక్కువే గాని, గిది నేను గీసిన బొమ్మలది."

"మరి పాస్టరుగారికి ఏం చెప్పాలె?" అంది అక్క.

ఆ ఆదివారం నేను చర్చికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. అక్క లేచి నిలబడి, తెరమీద కనబడిందల్లా నిజమని మురిసిన సంగతి, రెండు చోట్ల సరిచూసిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, చివరికి ఇలా అంది: "ఆ పన్నెండు మాటలు ఎవ్వరికీ ఇయ్యొద్దు. బ్రదర్ అన్నా, సిస్టర్ అన్నా. ఆఖరికి మన పాస్టరుగారు అడిగినా."

పాస్టరుగారే ముందుగా ఆమెన్ అన్నారు. మా వేదిక మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ కలిపినా అంత సూటిగా ఉండవు. నా ఛాతీ ఉప్పొంగింది. సంఘమంతా ఆమెన్ అంటుంటే నేనూ అన్నాను, పక్కవాళ్లకు వినబడకుండా. ఇప్పుడైతే గట్టిగానే అనేదాన్ని.