అందరిదీ అన్న సీడీ

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, సిద్ధాంతాలు ఎక్కువ. మస్కట్‌లో, హమ్రియా సందులోని ఓ కంప్యూటర్ షాపులో రిపేర్లు చేసేవాణ్ణి. డ్యూటీలో ఓనరు చెప్పినట్టు దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, రూమ్‌కొచ్చాక ఉచిత సాఫ్ట్‌వేర్ గొప్పతనం మీద ఉపన్యాసం దంచడం. దేశదేశాల వాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూచుని, కలిసికట్టుగా రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుండేది. దానికి నేను భక్తుణ్ణి. (భక్తుడంటే హారతిచ్చేవాడే గాని, గుడి కట్టినవాడు కాదు.) నిజంగా పనిచేసినవాడు షాపులో నా పక్క బల్ల సూడానీ. పెద్దవాడు గనక అందరం అమ్ము అనేవాళ్ళం. (అరబ్బీలో బాబాయి అని. మా ఇంట్లో అమ్ము అంటే మా మేనకోడలు.)

ఆ సిస్టమ్‌లో అరబ్బీ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవకుండా, మాటల్లేని తోడికోడళ్ళలా విడివిడిగా నిలబడేవి. అమ్ము చిల్లిగవ్వ తీసుకోకుండా ఏడాదిపాటు కుస్తీపట్టి వాటిని కలిపాడు. సూడాన్‌లో ఆయన చెల్లెలు నడిపే బడికి పాత కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు వాటి మీద సొంత లిపిలో చదువుకోవాలని ఆయన ఆశ. ఒక్కసారి మాత్రం అడిగాడు, దీనికి డబ్బెవరు పెడతారని. నేను గాల్లో చెయ్యి తిప్పి, ఎవరో ఒకరు పెట్టేది కాదు, ఇది అందరిదీ అన్నాను.

ఆ బడి కోసం, సిస్టమ్ తయారుచేసేవాళ్ళ దగ్గర్నుంచే దాని సీడీల పెట్టె తెప్పించాం. సినిమాలేమోనని కస్టమ్స్‌లో ఆపారు. ఆఫీసరు ఒక సీడీ పెట్టుకుని, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెడుతుంటే, హీరోయిన్ ఎప్పుడొస్తుందా అని చాలాసేపు ఓపిక పట్టాడు. చివరికి మా మీద జాలిపడి ముద్ర కొట్టేశాడు. గండం గడిచిందనుకున్నాం. ఆ సంతోషంలో అమ్ము, వీటిని మా చెల్లెలి బడికి పంపుతున్నానని ఊరి పేరుతో సహా రాసి, సీడీలు పంపినవాళ్ళకు ధన్యవాదాలు మెయిల్ చేశాడు.

జవాబు మహా మర్యాదగా వచ్చింది. మా నిధులు అమెరికాలోని సంస్థ చేతిలో ఉన్నాయి, ఆ దేశం ఆంక్షలు పెట్టిన దేశాల్లో మీదొకటి, కాబట్టి సీడీలు అక్కడికి పంపకూడదు, మీరు పని చేసి పంపే ఖాతా కూడా మూసేస్తున్నాం, ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలు. ఆయన కలిపిన అక్షరాలను మాత్రం ఉంచుకున్నారు. వండినవాడికే విస్తరి లేదన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని పట్టుకెళ్ళు, ఎవడు చూడొచ్చాడు అన్నాను. దొంగచాటుగా తెచ్చినవాటితో బడిలో పాఠం మొదలుపెట్టించలేనన్నాడు అమ్ము. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు అందరిదీ అన్నప్పుడు, ఆ అందరిలో నన్ను కూడా కలిపావా?"

కలిపానన్నాను. అబద్ధం కాదు. కానీ నేను కలిపితే ఎవడిక్కావాలి?

ఆ సీడీలను చివరికి పావురాలు రాకుండా బాల్కనీలో దారాలకు వేలాడగట్టాం. ఇప్పుడు మస్కట్‌లోనే, ఖురంలో ఆఫీసు ఉద్యోగం నాది. తెర మీద అరబ్బీ అక్షరాలు చక్కగా కలిసి కనబడినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. ఆ బడిలో అవి కలిశాయో లేదో ఇప్పటికీ తెలీదు. గాల్లో చెయ్యి తిప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. అందరి తరపునా మాటిచ్చేశాడు, పిచ్చివాడు.