గంగాభవానికి గోడ మీద ఇల్లు

సన్యాసిరావు మేష్టారిలా చెంబు బొమ్మ గీయగలిగినవాడు మా విశాఖపట్నం జిల్లాలో ఇంకొకడు లేడు. ఈ మాట ఒకసారి ఆయన మొహం మీదే అన్నాను. ఆయనకు కోపం వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పొగిడితే అలిగే మనిషిని అంతకుముందు నేను చూసి ఉండలేదు. ఎందుకు అలిగాడో తర్వాత తెలిసి, నా నోటిదురుసుకి నేనే చెంపలు వేసుకున్నాను.

1925లో నన్ను జీలుగుగూడ బోర్డు స్కూలుకి లెక్కల మేష్టరుగా వేశారు. కురుపాం నుంచి ఎనిమిది మైళ్ళు కొండెక్కాలి. మన్నెం జ్వరానికి భయపడి మైదానం వాళ్ళు అక్కడి ఉద్యోగమంటే ఆమడ దూరం పారిపోయేవారు. మా అమ్మ నా పెట్టెలో బట్టల కంటే క్వినైను పొట్లాలే ఎక్కువ సర్దింది. సన్యాసిరావుగారు అప్పటికే నాలుగేళ్ళుగా అక్కడ ఉన్నాడు. ముప్పై రెండేళ్ళ మనిషి, నలభై ఐదేళ్ళవాడిలా కనిపించేవాడు. పొద్దున చిన్నపిల్లలకు అక్షరాలు, మధ్యాహ్నం అందరికీ డ్రాయింగు చెప్పేవాడు. పిల్లలంతా ఆ కొండల్లోని సవర తెగవాళ్ళు. ఆయన్ని బొమ్మల మేస్టరు అనేవారు, నన్ను కూడికల మేస్టరు అనేవారు. తీసివేతలు ఎంత బాగా చెప్పినా నాకా పేరు మారలేదు.

ఆయన డ్రాయింగు క్లాసు చూడ్డం నాకు సరదా. గది మధ్య ముక్కాలిపీట, దాని మీద తళతళా తోమిన ఇత్తడి చెంబు. చుట్టూ పిల్లలు పలకలు పట్టుకుని కూర్చునేవారు. తడిగుడ్డతో తుడవడానికి వీల్లేదు. తుడిచే చెయ్యి గీత నేర్చుకోదని ఆయన సిద్ధాంతం. గీత తప్పితే తప్పు అలాగే ఉంచి పక్కన మళ్ళీ గీయాలి.

"ఎవరు కూర్చున్న చోటి నుంచి వాళ్ళకి కనిపించినంతే గీయండి. తెలిసిందంతా గీయకండి" అని రోజూ చెప్పేవాడు. పిల్లలు రోజూ వినేవారు, రోజూ తెలిసిందంతా గీసేవారు. ఒకనాడు మంగ్లు అనే కుర్రాడు చెంబు గీసి, దాని కడుపులో నీళ్ళు కూడా గీశాడు.

"నీళ్ళు నీకెక్కడ కనిపించాయిరా?" అని మేష్టారు గద్దించాడు.

"నోపలున్నాయి కదా మేస్టరుబాబు. పొద్దున నానే పోసినాను" అన్నాడు వాడు.

నేను గుమ్మం దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాను. మేష్టారు నవ్వలేదు. ఆయనకు డ్రాయింగు విషయంలో హాస్యం పనికిరాదు.

ఆయనకు ఒక కోరిక ఉండేది. మైదానంలో ఏదో ఒక హైస్కూల్లో డ్రాయింగు మేష్టరు కావాలి. పరీక్షలన్నీ ప్యాసయ్యాడు, అర్జీలు పెట్టాడు, కబురు కోసం చూస్తున్నాడు. హైస్కూల్లో డ్రాయింగుకి వేరే గది ఉంటుందని, ఉత్తరం వైపు పెద్ద కిటికీలు ఉంటాయని, ఏటవాలు బల్లల మీద పిల్లలు దళసరి కాగితాల మీద గీస్తారని చెప్పుకుపోయేవాడు. అవన్నీ పైకి చెప్పే మాటలు. అసలు మాట కూతురు. సరళ అప్పటికి నాలుగేళ్ళ పిల్ల, బొబ్బిలి దగ్గర పల్లెలో నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. కింద ఉద్యోగం దొరికితే పిల్లని తెచ్చి తన దగ్గర పెట్టుకోవచ్చు. ఈ కొండ మీదికి మాత్రం తేలేడు. పిల్ల తల్లి పోయింది ఈ కొండ మీదే.

ఆవిడ పేరు గంగాభవాని. నేను ఆవిడని చూడలేదు. రెండేళ్ళు అక్కడ కాపరం చేసి, 1923 వానాకాలంలో జ్వరం వచ్చి తొమ్మిదో రోజున పోయిందట. సరళకు అప్పుడు రెండేళ్ళు నిండలేదు. ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. దసరాకి విజయనగరం వెళ్ళి తీయించుకుందామని రెండుసార్లు అనుకున్నారు, రెండుసార్లూ వచ్చే దసరాకి చూద్దాంలే అనుకున్నారు.

నేను వెళ్ళిన ఏడాది దసరాకి మేష్టారు ఊరికి వెళితే సరళ అడిగిందట, "నాన్నా, అమ్మ ఎలాగుండీది? బొమ్మ గియ్యి" అని. అడగదూ మరి? తండ్రి బొమ్మల మేష్టరాయె. ఆయన వీధి అరుగు మీద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీశాడు. గీసింది తీసుకెళ్ళి తల్లికి చూపించాడు. తవిటమ్మగారు కాగితం దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎవుల్రా ఈవిడ?" అంది.

ఈ సంగతి ఆయన నాతో చెప్పింది నేను చెంబు గురించి వాగిన మూడో రోజున. పరుపు కింద నుంచి కాగితాల కట్ట తీసి నా ముందు పడేశాడు. నలభై దాకా ఉంటాయి. జుట్టు పాపిడి, చెవి కమ్మలు, మెడ మీద పుట్టుమచ్చ, రవికె చేతి కుట్టు, అన్నీ ఉన్నాయి. మధ్యలో మొహం ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

"పన్నెండేళ్ళు చెంబులూ కుండలూ గీయడం నేర్చుకున్నాను తమ్ముడూ. మనిషి మొహం నాకెవరూ నేర్పలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకే సరిగ్గా కనిపించడం లేదు. వచ్చే ఏటికి ఈ మాత్రం కూడా ఉండదు" అన్నాడు.

నేను కాగితాలు కొసలు కలిపి వరసగా పేర్చాను. లెక్కల మేష్టరుని. కట్ట కట్టి ఆయన చేతికిచ్చాను.

ఆ మాఘమాసంలో, కొత్త కందులు ఇంటికొచ్చినప్పుడు చేసే కందికొత్తల పండగ ముందు, మేష్టారూ నేనూ ఉంటున్న ఇంటికి సుక్రు వచ్చాడు. సుక్రు ఆ ఊళ్ళో గోడల మీద బొమ్మలు వేసే సవర పెద్దాయన. సవరల ఇళ్ళలో ఎవరైనా చనిపోతే, వాళ్ళు కలలోకి వచ్చి ఇల్లడుగుతారు. అప్పుడు ఎర్రమట్టి పూసిన గోడ మీద, నానబెట్టి నూరిన బియ్యప్పిండితో, వెదురుపుల్ల పెట్టి ఇల్లు గీస్తారు. అందులో మనుషులు, చెట్లు, నెమళ్ళు, నిచ్చెనలు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఉంటాయి. పోయినవాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుంటారని వాళ్ళ నమ్మకం. సుక్రు చేతులు కట్టుకుని నిలబడి మేష్టారితో అన్నాడు:

"బాబూ, అమ్మగోరు మా ఎజ్జోడి కల్లోకి వత్తంది. మూడు మార్లొచ్చింది. అందరికీ ఇల్లుంది, నాకు లేదేటి అని అడుగుతంది. నీ గోడ మీద ఏసీమంటావా?"

ఎజ్జోడంటే వాళ్ళ పూజారి. నేనైతే నవ్వి పంపించేసేవాణ్ణి. మేష్టారి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "మీ కలలోకి వస్తోందా?" అన్నాడు. ఆయన గొంతులో అసూయ వినిపించింది నాకు. రెండున్నరేళ్ళలో ఆయన కలలోకి ఒక్కసారి కూడా రాలేదట.

పండగనాడు సుక్రు ఉపవాసం ఉండి, ఎండ ఎక్కగానే మొదలుపెట్టాడు. నేను అనుకున్నట్టు ఊరికే గీసుకుపోలేదు. ప్రతి గీతకీ ముందు ఒక ప్రశ్న. "అమ్మగోరు ఏటి ఇష్టంగా తినీది? పొద్దున నెగిసి ఎటేపు సూసీది? ఏ సేత్తో నీళ్ళు తోడీది?" సన్యాసిరావుగారు మొదట్లో తడుముకున్నాడు. తర్వాత ఆపితే ఆగలేదు. పనసతొనలు ఇష్టమని, ఎడంచేతి వాటమని, వాకిట్లో నిలబడి కొండ మీది మబ్బులతో మాట్లాడేదని, మేకపిల్ల కనిపిస్తే పని మరిచిపోయేదని, చీపురు పట్టుకుని పాడేదని, ఆ పాట ఎప్పుడూ సగంలోనే వదిలేసేదని చెప్పాడు. ఊరి ఆడవాళ్ళు మధ్యలో తమకు తెలిసినవి అందించారు. సాయంత్రానికి గోడంతా నిండింది. మధ్యలో ఒక ఆడమనిషి. రెండు ముక్కోణాలు కొనలు కలిపితే నడుం, పైన గుండ్రంగా తల. ఎడంచేతిలో చేద.

తల లోపల ఏమీ లేదు.

"మొహం?" అన్నాడు మేష్టారు.

"మొగం మనం ఎట్టకూడదు బాబూ. ఆవిడొచ్చి కూకున్నాక ఆవిడదే" అన్నాడు సుక్రు. ఎజ్జోణ్ణి పిలుచుకురావడానికి మేమిద్దరం తప్ప అందరూ కదిలారు.

పన్నెండేళ్ళ పంతులుగిరీ మనిషిని ఊరికే వదలదు. అసంపూర్తి బొమ్మ చూస్తే ఆయన చెయ్యి ఆగదు. పైగా ఆ రోజంతా ఆవిడ గురించి మాట్లాడి మాట్లాడి, ఆవిడ మొహం కళ్ళ ముందుకి వచ్చినట్టే అనిపించిందట. వెదురుపుల్ల పిండిలో ముంచి రెండు కళ్ళు, ముక్కు, పెదవులు గీసేశాడు. నేను పక్కనే ఉన్నాను. వద్దనాలని తోచలేదు. గీశాక ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. నేను ఆయన మొహం చూశాను. గోడ మీద ఉన్నది మళ్ళీ ఎవరో పరాయి ఆడమనిషేనని తెలిసిపోయింది.

తిరిగొచ్చిన సుక్రు గోడ చూసి తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఎంత పని సేసినావు బాబూ! ఈ మొగం ఎవుల్దో, అదొచ్చి కూకుంటాది ఇప్పుడు. అమ్మగోరు గుమ్మంలోంచే ఎల్లిపోద్ది."

అప్పటికప్పుడు గోడంతా ఎర్రమట్టి పూసేశారు. మేష్టారు కాళ్ళావేళ్ళా పడ్డాడు, రేపు మళ్ళీ వేయమన్నాడు. సుక్రు ఒప్పుకోలేదు. మళ్ళీ కందికొత్తలు రావాలి. అంతదాకా మేష్టారు ఆ ఇంట్లోనే ఉండాలి. తన మనిషి లేని ఇంటికి ఆవిడ రాదు.

వైశాఖంలో హైస్కూలు ఆర్డరు వచ్చింది. డ్రాయింగు మేష్టరు ఉద్యోగం, జూన్‌లో చేరాలి. నేను ఎగిరి గంతేశాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి మడిచి, చేరలేనని జవాబు రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీకు మతి పోయిందా? ఆ సవరాళ్ళ గోడ బొమ్మ కోసం చేతికొచ్చిన ఉద్యోగం కాలదన్నుకుంటారా? అక్కడ పిల్ల మీ కోసం ఎదురుచూడటం లేదూ?" అని నానా మాటలూ అన్నాను.

"వట్టి చేతులతో దాని దగ్గరికి వెళ్ళి ఏం చెప్పను తమ్ముడూ? మీ అమ్మ ఎలా ఉండేదో నేను మరిచిపోయానని చెప్పనా?" అన్నాడు.

ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. మళ్ళీ ఎన్ని అర్జీలు పెట్టినా రాలేదు. ఉత్తరం కిటికీల గది ఆయనకు రాసిపెట్టి లేదు. ఆ ఏడాదంతా చెంబు క్లాసు మామూలుగానే నడిచింది. మంగ్లు నీళ్ళలో ఒక చేపని కూడా గీస్తే, మేష్టారు ఈసారి గద్దించకుండా పలక ఇచ్చేశాడు.

మరుసటి కందికొత్తలకు ఆయన వెళ్ళి సరళని తెచ్చాడు. తవిటమ్మగారు వీధిలో అడ్డం పడిందట. "నా కోడల్ని మింగీసిన కొండకి గుంటని తీసుకెల్తావేట్రా?" అని ఏడ్చిందట. చివరికి పిల్ల మొలకి మూడు తాయెత్తులు కట్టి, రెండే రెండు రోజులని ఒట్టు వేయించుకుని పంపింది. సరళ కొండదారంతా తండ్రి భుజం మీద కూర్చుని వచ్చింది. సన్నగా ఉంది, పెద్ద కళ్ళు, ఎవరితోనూ మాట్లాడదు. నాకు నమస్కారం పెట్టమంటే తండ్రి వెనక దాక్కుంది.

సుక్రు మళ్ళీ అన్ని ప్రశ్నలూ అడిగాడు. ఈసారి మేష్టారు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. బొమ్మ పూర్తి కావస్తుండగా సుక్రు పెళ్ళాం సోములమ్మ సరళ వైపు చూసి, "అదేటి మావా, గుంటేదీ? అమ్మగోరి సంకలో గుంటుండాల కదా. ఏటికెల్లినా, సంతకెల్లినా సంకనే ఉండీది" అంది. సుక్రు నాలిక్కరుచుకుని ఆ ఆడమనిషి నడుం పక్కన చిన్న ముక్కోణాలు రెండు, చిన్న తల ఒకటి కలిపాడు. ఎజ్జోడు వచ్చి బియ్యం చల్లి, ఆవిణ్ణి పిలిచి, లోపలికి వచ్చిందని చెప్పాడు. నేను నమ్మానో లేదో అడక్కండి. గదిలో అందరితో పాటు నేనూ నిలబడే ఉన్నాను.

సన్యాసిరావుగారు కూతురిని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చాడు. మొహం లేని ఆ బొమ్మని చూసి పిల్ల ఏమడుగుతుందో నాకూ భయమేసింది. ఏడాది పోగొట్టుకున్నాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు, అమ్మకి మొహం ఏదీ అని అడిగితే ఏం చెబుతాడు?

సరళ ఆ ప్రశ్న అడగలేదు. నడుం పక్కనున్న చిన్న బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఈ సిన్నదెవులు నాన్నా?"

"నువ్వేనమ్మా."

"ఇది నానేనా? అమ్మ నన్ను ఎత్తుకునీదా?"

"ఎత్తుకునేదమ్మా. దించేదే కాదు."

పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"మరి నాకెవులూ సెప్పలేదేటి?" అంది.